రెండూ ఎడమ చేతులే

రెండూ ఎడమవే. కాదు, అలా ఎలా అవుతాయి, ఒకటి కుడిదై ఉండాలి, దీన్ని ఇలా తిరగేస్తే సరిపోవాలి. కానీ తిరగేస్తే మెరుపు లోపలికి పోయి గరుకు బయటికొస్తోంది. మళ్ళీ మామూలుగా పెడితే మెరుపు పైకొచ్చి చెయ్యి ఎడమదైపోతోంది. రెండు వైపులా ఒకేలా ఉండే బట్టయితే ఎవరికీ తెలియకుండా సర్దేయొచ్చు. ఇది ఒకవైపే మెరిసే కోటు గుడ్డ. దీనికి మొహమూ ఉంది, వీపూ ఉంది.

కుట్టు షాపులో గుడ్డలు కోసే మాస్టరమ్మ, కోటు చేతులకని కోసిన ఆ రెండు ముక్కల్నీ బల్ల మీద పక్కపక్కన పరిచి, వాటి పక్కనే తన రెండు చేతుల్నీ ఆనించి చూసుకుంది. తన చేతులు మాత్రం ఒకటి కుడిది, ఒకటి ఎడమదిగానే ఉన్నాయి. ప్రస్తుతానికి అదొక్కటే అర్థమవుతోంది.

బట్టని మడతపెట్టి, మొహానికి మొహం ఆనించి కోస్తే కుడీ ఎడమా వాటంతటవే వస్తాయి. ఈ పనిలోకి వచ్చినవాళ్ళకి మొట్టమొదట చెప్పే ముక్క అది. తనే ఎంతమందికో చెప్పింది. ఈసారి గుడ్డ వెడల్పు చాలక చేతుల్ని విడివిడిగా కోయాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఒకటి కోశాక కొలతల అట్టని బోర్లా తిప్పి రెండోది కోయాలి. తిప్పింది. తిప్పినట్టే గుర్తు. అట్టని తిప్పుతున్న తన చెయ్యి కళ్ళముందు స్పష్టంగా కనిపిస్తోంది కూడా. అయితే అది నిన్నటి చెయ్యా, ఎప్పటిదో వేరే కోటు నాటి చెయ్యా?

"ఏమైంది మాస్టరమ్మా?" షాపు పెద్దాయన వెనకనుంచి ఎప్పుడొచ్చాడో.

"ఏం లేదండీ."

ఆయన ముక్కలు రెండూ ఎత్తి వెలుతురుకి పట్టి చూశాడు. "ఏం లేకుండానే రెండూ ఎడమ చేతులొచ్చాయా? ఈ కోటాయన పాపం ఎవరికి నమస్కారం పెట్టాలన్నా కష్టమే."

"ఎడమచేతివాటం మనిషేమో లెండి!" మెషిన్ మీంచి రేడియో అరిచింది. ఆ బక్కావిడ నోరు పొద్దున షట్టర్‌తో తెరుచుకుని సాయంత్రం షట్టర్‌తోనే మూతపడుతుంది, అందుకని ఆ పేరు. అందరూ నవ్వారు. మాస్టరమ్మ కూడా నవ్వింది, అందరి నవ్వూ అయిపోయాక.

పెద్దాయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. కిందటి వారం కాలరు, మొన్న జేబు, ఇప్పుడిది అని నెమ్మదిగా గుర్తుచేసి, బల్ల పక్కన మేకుకి వేలాడే పెద్ద కత్తెరని తీసి తన సొరుగులో పెట్టుకున్నాడు. "కొన్నాళ్ళు గుండీలు చూసుకో. కారణమేంటో చెప్తే నేనూ ఆలోచిస్తాను. కారణమే లేదంటే నేనేం చెయ్యను?"

బట్ట అంచులు కుట్టే ఓవర్‌లాక్ ఆయన తాగొచ్చి ప్యాంటు కాళ్ళు రెండూ కలిపి కుట్టేసిన రోజు కూడా ఆయన మెషిన్ ఎవరూ లాక్కోలేదు. ఆయనకి కారణం ఉంది కదా మరి, తాగొచ్చాడు. ఆ సంగతి ఆమెకి తట్టింది. అయితే అది కోపమై రావాల్సింది పోయి, ఎవరో పక్కగదిలో మాట్లాడుకుంటున్న మాటలా దూరంగా వినిపించి ఆగిపోయింది.

గుండీల డబ్బా ముందేసుకుని కూర్చుంది. సూదిలో దారం ఎక్కించబోతే దారం సూదిని తప్పించుకుంటూ పోయింది. కళ్ళేమో, అనుకుంది. ఆ ఆలోచన రాగానే ప్రాణం లేచొచ్చినట్టయింది. కళ్ళే అయి ఉంటాయి. కళ్ళయితే బాగుణ్ణు.

మర్నాడు ఆసుపత్రిలో కళ్ళు పరీక్ష చేసే అమ్మాయి ఆమె చేత పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, చీమల్లాంటి అక్షరాలు చదివించింది. అన్నీ చదివేసింది మాస్టరమ్మ. ఆఖరి వరసలో కావాలనే ఒకటి రెండు తప్పు చెబుదామనుకుంది గాని అలవాటు లేని అబద్ధం నోట్లోంచి రాలేదు.

"చూపు బ్రహ్మాండంగా ఉందాంటీ. నాకంటే మీకే బాగా కనిపిస్తోంది."

"సరిగ్గా చూడమ్మా. ఇంకో అద్దం ఏదన్నా వేసి చూడు."

అమ్మాయి ఆ ఇనుప ఫ్రేము ఆమె మొహం మీంచి తీసి, ఒక క్షణం అలాగే చేతిలో పట్టుకుంది. "నిద్ర పడుతోందా?"

"ఆఁ. పడుతుంది. పోతుంది."

"తిండి?"

"తింటాను. తిన్నాక తిన్నానో లేదో గుర్తుండదు." అని, అలా ఎందుకు చెప్పానా అనుకుని, "ఏం లేదమ్మా" అంది.

"మా అమ్మ కూడా ఇలాగే అనేది, ఏం లేదు ఏం లేదు అని. పక్క వీధిలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది చూశారా, దాని మేడ మీద బుధవారం సాయంత్రాలు కొంతమంది కూర్చుంటారు. రిటైరైన నర్సమ్మగారు ఒకావిడ నడుపుతారు. మందులవసరమైతే డాక్టరు దగ్గరికి పంపిస్తారు, లేకపోతే లేదు. ఊరికే మనసు విప్పి మాట్లాడుకుంటారంతే."

విప్పి. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ మాట చెప్పులో రాయిలా గుచ్చుకుంది. విప్పడమంటే ఏమిటో ఆమెకి తెలిసినంతగా ఆ అమ్మాయికి తెలియదు. కుట్టు విప్పాలంటే ముందు ముడి దొరకాలి. ముడి దొరక్కుండా లాగితే బట్ట కుచ్చులు పడిపోతుంది. జాగ్రత్తగా విప్పినా సూది గుర్తులు మిగులుతాయి, ఎంత ఇస్త్రీ చేసినా పోవు. అన్నిటికీ మించి, విప్పినదాన్ని సాయంత్రానికల్లా ఎవరో ఒకరు మళ్ళీ కుట్టాలి. వీళ్ళు బుధవారం విప్పి కూర్చోబెడతారు సరే, గురువారం పొద్దున్నే వంటింట్లో ఎవరు కుట్టి పెడతారు? అసలు తనకి ముడి ఎక్కడుంది? ఎవరూ పోలేదు. ఏదీ పోలేదు. మొగుడు మంచివాడు. పిల్ల హాస్టల్లో బుద్ధిగా చదువుకుంటోంది. మరి పొద్దున లేవగానే నిన్నటి అలసట మంచం పక్కన చెప్పుల్లా సిద్ధంగా ఎందుకుంటోంది?

"కళ్ళేమన్నారు?" ఇంట్లో అడుగుపెట్టగానే ఆయన అడిగాడు. పంపుల మెకానిక్కు. నేల మీద పాత గుడ్డ పరుచుకుని ఒక మోటారుని ముక్కలుముక్కలుగా ఊడదీసి కూర్చున్నాడు.

"బాగున్నాయట."

"మరింకేం? ఇంకెక్కడుంది తేడా? ఎక్కడో చెబితే గదా మనిషన్నవాడు ఏదన్నా చేసేది. లీకు ఎక్కడుందో తెలియకుండా నేను గోడంతా పగలగొట్టలేను గదే!" మంచిగానే అన్నాడు. స్క్రూడ్రైవరు కూడా పక్కన పెట్టి అన్నాడు.

గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న అత్తయ్య కాళ్ళు చాపుకుని మోకాళ్ళు రుద్దుకుంటోంది. ఆ మోకాళ్ళు ఆ ఇంట్లో ఇంకో ఇద్దరు మనుషుల్లాంటివి. వాటికి నూనెలు, వాటికి కుర్చీ, బుధవారం బుధవారం వాటికి వ్యాయామాలు నేర్పే చోటికి ప్రయాణం. "ఆవిడ వ్యాయామం చేసేది నోటితోనేమో, మోకాళ్ళు మాత్రం ఎక్కడివక్కడే" అని కొడుకు వేళాకోళం.

"నీకేం తక్కువయిందే అమ్మాయ్?" అంది అత్తయ్య. "మొహం అలా పెట్టుకుని తిరిగితే చూసేవాళ్ళు నన్నంటారు, కోడల్ని కాల్చుకు తింటోందని."

"నాకేం తక్కువ కాలేదత్తయ్యా."

"అదే నేనూ అంటున్నా." అని మోకాలి మీంచి కళ్ళెత్తకుండా ఇంకాసేపు రుద్దుకుంది. రుద్దుతున్న చెయ్యి రుద్దుతున్న చోటే ఆగిపోయి, చాలాసేపటికి మళ్ళీ కదిలింది. మాస్టరమ్మ అది చూసింది. ఆవిడకి నిద్ర ముంచుకొస్తోందనుకుంది.

కాజాలు కుట్టడం, గుండీలు కుట్టడం, గుండీ కింద దారం మెడలా చుట్టి ముడేయడం. ఈ పని చెయ్యడానికి బుర్ర అక్కర్లేదు. అక్కర్లేకపోవడంతో అది ఎటుపడితే అటు పోయింది. బల్ల దగ్గర ఎవరో కొత్తతను నిలబడి కోస్తున్నాడు. రేడియో అతన్ని "మాస్టరుగారూ" అని పిలిచింది. పిలిచాక నాలిక్కరుచుకుని ఇటు చూసింది. ఇంతకాలం ఆ పిలుపు ఒంటిమీద బట్టలా ఉందని, తీసేస్తే చలేస్తుందని మాస్టరమ్మకి అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం టీ గ్లాసు పట్టుకుని పెద్దాయన ఆమె స్టూలు దగ్గరికి వచ్చాడు. "చూడమ్మా, నీ కోతకి అలవాటుపడిన గిరాకీలు ఊరుకోవట్లేదు. నేనూ మనిషినే. ఇంట్లో ఏదన్నా ఉంటే చెప్పు. నీలో నువ్వే ఉంచుకుంటే ఎలా?"

ఆయన నిలబడే ఉన్నాడు. టీ ఆవిరి ఆయన కళ్ళజోడుకి పట్టి మొహం కనిపించడం లేదు. ఏదో ఒకటి చెప్పాలి. ఏం లేదు అంటే ఇక కత్తెర రాదు. నోట్లోంచి వచ్చిన మాట ఆమె కూడా ఆయనతోపాటే మొదటిసారి విన్నది.

"మా అత్తయ్యకి బాగోలేదండీ."

"అయ్యో. ఏమైంది?"

"మనసు బాగోలేదు. నిద్రపోరు. కూర్చున్నచోటే కూర్చుండిపోతారు. తిన్నది గుర్తుండదు. ఏమైందంటే ఏం లేదంటారు. కారణం కూడా ఏమీ లేదండీ, ఉంటే బాగుణ్ణు. పొద్దున లేచేసరికే అలిసిపోయి ఉంటారు." మాటలు ఒకదాని వెనక ఒకటి, బాబిన్‌లోంచి దారం వచ్చినట్టు, తెగకుండా వచ్చాయి. తనది అని చెప్పుకోలేనిది ఇంకొకరిది అనేసరికి ఎంత సాఫీగా వస్తోంది! చెబుతుండగానే ఆ ముసలావిడ మీద జాలి కూడా పుట్టింది.

పెద్దాయన టీ తాగడం మర్చిపోయాడు. "ఇంత పెట్టుకుని ఒక్కముక్క చెప్పవేం? పెద్దవాళ్ళకి అలా అయితే ఇంట్లో ఉన్నవాళ్ళ బుర్ర పనిచేస్తుందా? చేతులు తారుమారయ్యాయంటే అవ్వవూ?" సొరుగు దగ్గరికి వెళ్ళి తాళం తీశాడు. "బుధవారం నుంచి బల్ల దగ్గరికి వచ్చెయ్."

కారణం దొరికింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒక్క మాస్టరమ్మకే ఊపిరాడలేదు.

మంగళవారం సాయంత్రం పళ్ళ సంచితో రేడియో ఇంటికి వచ్చేసింది. మాస్టరమ్మ గుమ్మంలోనే ఆపుదామనుకునేలోగా చెప్పులు విడిచి, కుర్చీ లాక్కుని, అత్తయ్య చెయ్యి తన చేతుల్లోకి తీసేసుకుంది.

"ఎలా ఉన్నారు పిన్నిగారూ? మా మాస్టరమ్మ చెప్పింది లెండి అంతా. షాపులో అందరం ఎంత బాధపడ్డామో! మనసుకి బాగోలేకపోవడం తప్పేం కాదు పిన్నీ, మా మేనత్తకీ ఉండేది..."

అయిపోయింది, అనుకుంది మాస్టరమ్మ. ఇప్పుడు అత్తయ్య లేస్తుంది. నాకు మనసు బాగోలేదని ఎవరే చెప్పింది, నీకు పిచ్చా, నాకు పిచ్చా అని వీధంతా వినపడేలా అడుగుతుంది. అడగాలి కూడా.

అత్తయ్య లేవలేదు. రేడియో భుజం మీదుగా కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. దొంగతనం బయటపడ్డ పిల్ల చూసినట్టు చూసింది.

"నీకెవరు చెప్పారే?" అంది, చాలా చిన్న గొంతుతో.

"ఎవరూ చెప్పలేదత్తయ్యా. నేనే..."

"నువ్వే కనిపెట్టావా?" ఆవిడ చూపు దించుకుంది. తర్వాత రేడియో వైపు తిరిగి, "అవునమ్మా" అంది. "నిద్ర పట్టదు. కూర్చుంటే లేవబుద్ధి కాదు. కారణం ఏం లేదు."

రేడియో వెళ్ళిపోయాక అత్తాకోడళ్ళిద్దరూ ఆమె తెచ్చిన పళ్ళు కడిగారు. ఒకరు కడిగి ఇస్తే ఒకరు తుడిచి గిన్నెలో పెట్టారు. తన పరువు నిలబెట్టడానికి ఈవిడ అబద్ధమాడింది, అనుకుంది మాస్టరమ్మ. అచ్చం తను చెప్పిన మాటలే చెప్పింది. తను షాపులో ఏం చెప్పిందో ఆవిడకెలా తెలుసు? రేడియో చెప్పిందా? లేదు, రేడియో ఆ ముక్కలు చెప్పలేదు. చెప్పిందేమో. తనే వినలేదేమో. అట్టని తిప్పానో లేదో తేల్చుకోలేనట్టే ఇదీ తేలలేదు. అత్తయ్యా, క్షమించండి అనబోయింది. "ఈ పండు మెత్తబడిందత్తయ్యా" అంది.

"పక్కన పెట్టు. నేను తింటాలే."

బుధవారం పెద్ద కత్తెర మేకుకి వేలాడుతోంది. వేళ్ళు దూర్చగానే దాని బరువు తెలిసిన మనిషి చెయ్యిలా తగిలింది. కొత్తతను పక్కకి జరిగాడు. గుడ్డ పరిచింది, అరచేత్తో దులిపి సాపు చేసింది. సుద్ద తీసుకుంది. ముదురు రంగు గుడ్డ. మొహం ఏదో వీపు ఏదో చూడాలి. మొహం ఇది. కాదు, ఇది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. వేలితో రుద్ది చూసింది. చెంపకి ఆనించి చూసింది. కళ్ళు బాగున్నాయి, ఆసుపత్రివాళ్ళు చెప్పారు. కత్తెర వచ్చింది, కారణం ఉంది, అత్తయ్యకి బాగోలేదు, అంతా సరిపోయింది. అయినా ఏ వైపు మంచి వైపో తెలియడం లేదు.

"మాస్టరమ్మా, గుడ్డకి ముద్దులు పెడుతున్నావేంటి!" అంది రేడియో.

ఎవరూ నవ్వకుండానే ఆ మాట పోయింది. మాస్టరమ్మ కత్తెరని విప్పింది, మూసింది. ఒక్క పోగూ తెగలేదు. సాయంత్రం దాకా సుద్దగీతలు గీసి, చెరిపి, గీసి, చివరికి గుడ్డని మడిచి అరలో పెట్టేసింది. "అత్తయ్యకి మళ్ళీ బాగోలేదా?" అన్నాడు పెద్దాయన జాలిగా. ఆ జాలి తనది కాదు, ఎవరికో రావాల్సిన పార్సిలు తన చేతిలో పెట్టినట్టుంది. తీసుకుని బయటపడింది.

ఇంటివైపు కాక పక్క వీధివైపు తిరిగాయి కాళ్ళు. ఊరికే ఆ మేడ ఎక్కడుందో చూసి వద్దామనుకుంది. టైపు ఇన్‌స్టిట్యూట్ మూసి ఉంది. పక్కన ఇరుకు మెట్లు. సగం మెట్లెక్కాక, ఎవరన్నా అడిగితే అత్తయ్య కోసం కనుక్కోవడానికి వచ్చానని చెప్పొచ్చు అని తోచింది. అంతవరకూ అబద్ధం ఉంది కాబట్టి ధైర్యంగానే ఎక్కింది.

గదిలో పెద్దగా ఏమీ లేదు. ఫ్యాను, పొడవాటి బల్ల, చుట్టూ తలో రకం కుర్చీలు. ప్రతి కుర్చీ ముందూ ఒక స్టీలు గ్లాసు. కొన్ని గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ఎవరో పోస్టుమాన్ దుస్తుల్లో ఉన్నాయన, ఆదివారం మధ్యాహ్నాలు తనకి ఎందుకో భరించరానివిగా ఉంటాయని చెబుతున్నాడు. ఎవరూ ఎందుకని అడగడం లేదు. తెల్లజుట్టు నర్సమ్మగారు వింటూనే చేత్తో ఖాళీ కుర్చీ చూపించింది.

ఆ ఖాళీ కుర్చీలో ఒక సంచి ఉంది. నూనె సీసా మూత బయటికి కనిపించే సంచి. మాస్టరమ్మకి ఆ సంచి తెలుసు. దాని పిడి తెగితే తనే కుట్టింది.

పక్క కుర్చీలో అత్తయ్య కూర్చుని ఉంది.

మాస్టరమ్మ వెళ్ళి ఆ కుర్చీ పక్కన నిలబడింది. తర్వాత, ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న అది కాదని తెలిసీ, మాస్టరమ్మ గుసగుసగా, "ఇన్ని మెట్లెక్కారా అత్తయ్యా?" అంది.

"మోకాళ్ళకి మంచిదట." ఆవిడ సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. మళ్ళీ అంది: "నన్ను వెతుక్కుంటూ వచ్చావా?"

"కాదు."

అత్తయ్య తల తిప్పి పూర్తిగా చూసింది. కోడలిని అలా ఎదురుగా, మొహానికి మొహంగా ఆవిడ చూడటం ఎప్పటి మాటో. "మరి నిన్న వచ్చిన ఆవిడకి నువ్వు చెప్పిందంతా..."

"మీ గురించి కాదత్తయ్యా. నాకు తెలియదు మీకు ఇలా... నేను మీ మీద అబద్ధం చెప్పాను."

"అబద్ధమెక్కడ చెప్పావే," అంది అత్తయ్య విసుగ్గా, అర్థంకాక. "అన్నీ నిజమే చెప్పావుగా."

పోస్టుమాన్ చెప్పడం ముగించాడు. ఎవరో నీళ్ళు పోశారు. నర్సమ్మగారు కొత్త మనిషి వైపు తిరిగి, ఎవరినీ ప్రత్యేకంగా ఉద్దేశించనట్టు చెప్పింది: "ఇక్కడ మేం ఎవరినీ ఏమైందని అడగమమ్మా. గ్లాసు బోర్లించి ఉంచితే ఊరికే కూర్చోవడానికి వచ్చారని అర్థం, తిప్పి పెడితే మాట్లాడతారని. ఎన్నాళ్ళైనా అలాగే ఉంచొచ్చు. మీ పక్కావిడ ఇంతవరకూ తిప్పనే లేదు. అయినా మాకు ఆవిడ రాకపోతే వెలితిగానే ఉంటుంది."

అత్తయ్య గ్లాసు బోర్లించే ఉంది. దాని అడుగున ఆవిడ వేళ్ళ గుర్తులు మసగ్గా ఉన్నాయి. ఇన్ని బుధవారాలూ దాన్ని పట్టుకుని కూర్చుందన్నమాట, ఆ చల్లటి అడుగు మీద చెయ్యి వేసుకుని.

మాస్టరమ్మ ముందు కూడా ఒక గ్లాసు పెట్టారు, బోర్లించి. ఇంకెవరో మాట్లాడటం మొదలుపెడతారేమోనని అందరూ ఆగారు. ఎవరూ మొదలుపెట్టలేదు. ఫ్యాను తిరుగుతోంది. ముడి ఎక్కడుందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. ఇప్పుడు నోరు తెరిస్తే ఏ ముక్క ముందొస్తుందో, అది తనదో అత్తయ్యదో, ఇద్దరిదీ ఒకటేనో, ఒకటే అయితే రెండూ ఎడమవేనో, ఏమీ తెలియదు. రేపు పెద్దాయనకి ఏం చెప్పాలో కూడా తెలియదు. గ్లాసు మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది. పక్కన అత్తయ్య ఆ చెయ్యి వైపే చూస్తోంది.

మాస్టరమ్మ చప్పుడు కాకుండా తన గ్లాసుని తిరగేసి పెట్టింది.